ఉబ్బసానికి పీల్చే నీలి మందు దేన్ని తాకుతుంది? అడ్రినలిన్ గ్రాహకం ఆకారం తెలిసిన క్రమం

శీతాకాలం వచ్చిందంటే భిలాయ్‌లో ఉబ్బసం ఉన్నవారి ఇళ్లలో నీలి రంగు ఇన్‌హేలర్ చేతికందే చోటికి చేరుతుంది. తెల్లవారుజామున మంచు, పొగ కలిసి నేలబారుగా పరుచుకున్న వేళ ఊపిరి బిగుసుకుంటే, సాల్బుటమాల్ అనే ఆ మందును ఒకటి రెండుసార్లు పీల్చిన కొద్ది నిమిషాలలోనే శ్వాసనాళాలు వదులవుతాయి. ఒక్కొక్క పీల్పులో ఉండే మందు సాధారణంగా 100 మైక్రోగ్రాములు. అంటే గ్రాములో పదివేలవ వంతు. అంత స్వల్ప పదార్థం అంత వేగంగా ఎలా పనిచేస్తుంది? ఊపిరితిత్తుల లోపల అది దేన్ని తాకుతుంది?

శ్వాసనాళాల చుట్టూ ఉండే కండర కణాల పైపొరలో నాటుకుని ఉన్న ఒక ప్రోటీన్‌ను తాకుతుంది. దాని పేరు బీటా-2 అడ్రినర్జిక్ గ్రాహకం. మన శరీరంలోనే ఊరే అడ్రినలిన్ అనే హార్మోను రాకను గుర్తించి, ఆ సమాచారాన్ని కణం లోపలికి చేరవేయడం దాని పని. మందు ఆ హార్మోను రూపాన్ని అనుకరిస్తుంది. మానవ శరీరంలోని ఈ ప్రోటీన్ త్రిమితీయ నిర్మాణం 2007లో తొలిసారి వెల్లడైంది. ఈ కుటుంబానికి చెందిన గ్రాహకాలపై చేసిన పరిశోధనలకు రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కా అనే ఇద్దరు అమెరికన్ వైద్య శాస్త్రవేత్తలు 2012లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ఇది కేవలం ప్రయోగశాలకు సంబంధించిన విషయం కాదు. ఇన్‌హేలర్ కన్నా మాత్ర మేలని భావించేవారు, నీలి డబ్బాను రోజుకు అనేకసార్లు వాడుతూ అదే చికిత్స అనుకునేవారు, ఉబ్బసం ఉన్నదని చెప్పకుండానే రక్తపోటు మందు తెచ్చుకునేవారు మన మధ్యనే ఉన్నారు. ఈ మూడు అలవాట్లలోని ప్రమాదాన్ని వైద్యులు చిరకాలంగా చెబుతూనే ఉన్నారు. ఎందుకు ప్రమాదమో అణువుల స్థాయిలో చూపగలిగింది మాత్రం ఈ గ్రాహకం ఆకారమే.

చూడకుండానే నమ్మిన కాలం

మూత్రపిండాలపై టోపీల్లా కూర్చుని ఉండే గ్రంథులు భయం, శ్రమ, ఆగ్రహం కలిగిన వేళల్లో అడ్రినలిన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, శ్వాసనాళాలు విప్పారతాయి, కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఒకే హార్మోను ఒకచోట కండరాన్ని బిగించి, మరొకచోట సడలించడం ఎలా సాధ్యమన్నది పాత చిక్కుముడి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పనిచేసిన రేమండ్ ఆల్‌క్విస్ట్ 1948లో దీనికి ఒక సమాధానం ప్రతిపాదించారు. తేడా హార్మోనులో లేదు, దాన్ని అందుకునే గ్రాహకాలలో ఉంది. అవి ఆల్ఫా, బీటా అని రెండు రకాలు అన్నారు. అప్పట్లో దానికి పెద్దగా ఆదరణ లభించలేదు. గ్రాహకమన్నది లెక్క కుదరడానికి కల్పించుకున్న భావన మాత్రమేనని అనేకులు తలచేవారు.

అయితే ఆ భావననే ఆధారం చేసుకుని బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ 1960లలో ప్రొప్రనలాల్ అనే మందును రూపొందించారు. బీటా గ్రాహకాన్ని మూసివేసి గుండెకు విశ్రాంతినిచ్చే మందు అది. ఆయనకు 1988లో నోబెల్ లభించింది. 1967 నాటికి బీటాలోనూ రెండు తెగలున్నాయని తేలింది: గుండెలో ప్రధానంగా బీటా-1, శ్వాసనాళాలలో ప్రధానంగా బీటా-2. రెండవ దాన్ని మాత్రమే ఎక్కువగా తట్టిలేపే సాల్బుటమాల్ 1969లో బ్రిటన్ మార్కెట్‌లోకి వచ్చింది. గమనించవలసిన సంగతేమంటే, ఇంత వరకు జరిగినదంతా గ్రాహకాన్ని ఎవరూ చూడకుండానే జరిగింది. చీకట్లో తాళం చెవులు అరగదీసి, తిరిగినదాన్ని దాచుకున్నట్టు సాగింది ఆ పని.

లెఫ్కోవిట్జ్ ఆ చీకట్లోకి తొలి దీపం తెచ్చారు. రేడియోధార్మిక పరమాణువులను అతికించిన హార్మోను, మందు అణువులను కణాలపై వదిలి, అవి ఎక్కడ అంటుకుంటున్నాయో లెక్కించారు. గ్రాహకం భావన కాదు, వస్తువు అని రుజువైంది. తరువాత డ్యూక్ విశ్వవిద్యాలయంలోని ఆయన ప్రయోగశాలలో యువ వైద్యుడు కోబిల్కా తదితరులు 1986లో దాని జన్యువును గుర్తించారు. అది చిట్టెలుక జాతికి చెందిన హామ్‌స్టర్‌ది. మరుసటి ఏడాది మానవ జన్యువూ చేతికందింది. మానవ గ్రాహకంలో 413 అమైనో ఆమ్లాలు దండలా గుచ్చి ఉన్నాయని, ఆ దండ కణత్వచాన్ని ఏడుసార్లు దాటుతూ లోపలికీ బయటికీ కుట్టు వేసినట్టు సాగుతుందని తెలిసింది. కంటిలో వెలుతురును పసిగట్టే రొడాప్సిన్ అనే ప్రోటీన్‌దీ సరిగ్గా ఇదే పోలిక! అడ్రినలిన్‌ను గుర్తించేదీ, వెలుతురును గుర్తించేదీ ఒకే వంశానికి చెందినవని అప్పుడు బయటపడింది. ఈ వంశంలో మానవ శరీరంలో దాదాపు 800 గ్రాహకాలు ఉన్నాయి. నేడు ఆమోదం పొంది వాడుకలో ఉన్న మందులలో సుమారు మూడో వంతు ఈ వంశంలోని ఏదో ఒక గ్రాహకంపైనే పనిచేస్తాయి.

ఉక్కు చెప్పే పాఠం

అమైనో ఆమ్లాల వరుస తెలిస్తే ఆకారం తెలిసినట్టే కదా అని అనిపించవచ్చు. కాదు. ఈ సంగతి చెప్పడానికి భిలాయ్‌లో ఉక్కును మించిన ఉదాహరణ లేదు. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఇక్కడి తరాలకు ఇనుముతో పరిచయం ఉంది. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఇనుములోని పరమాణువులు ఘనాకారపు ఎనిమిది మూలల్లోనూ, నట్టనడుమ ఒకటిగానూ అమరి ఉంటాయి. 912 డిగ్రీల సెల్సియస్ దాటగానే అవే పరమాణువులు స్థానాలు మార్చుకుంటాయి. మూలలు అలాగే ఉంటాయి, నడిమి పరమాణువుకు బదులు ఆరు ముఖాల మధ్యన ఒక్కొక్కటి చేరుతుంది. పరమాణువు మారలేదు, అమరిక మారింది. ఆ కొత్త అమరికలో కార్బన్ ఎక్కువగా ఇముడుతుంది. వేడి ఉక్కును ఒక్కసారిగా చల్లార్చితే గట్టిపడటం, నెమ్మదిగా చల్లార్చితే మెత్తబడటం వంటి గుణాలన్నీ ఈ అమరికల నుంచి పుట్టినవే. 1920లలో ఈ రహస్యాన్ని బయటపెట్టింది ఎక్స్‌రే కిరణాలు. గ్రాహకం ఆకారాన్ని చూపించినవీ అవే.

ఈ వ్యాసకర్త చదివింది సాహిత్యం కనుక మరో పోలిక కూడా తోస్తున్నది. పద్యంలో మొదటి పాదంలోని విశేషణానికి విశేష్యం మూడో పాదంలో ఉండవచ్చు. చదివే వరుసలో అవి దూరం. అన్వయం కుదిరినప్పుడు పక్కపక్కకు చేరి అర్థాన్నిస్తాయి. గ్రాహకంలోనూ అంతే. దండలో 113వ, 203వ, 207వ, 312వ స్థానాలలో ఉన్న అమైనో ఆమ్లాలు వరుసలో ఎంతో ఎడంగా ఉన్నప్పటికీ, దండ ముడుచుకున్నాక ఒకే చిన్న గుంట చుట్టూ చేరతాయి. అడ్రినలిన్ వచ్చి కూర్చునేది ఆ గుంటలోనే. వరుస మాత్రమే తెలిసినవారికి ఈ పొరుగు కనిపించదు.

మరి చూడటం ఎలా? గ్రాహకం అడ్డుకొలత సుమారు 4 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో దాదాపు ఇరవై వేలు పక్కపక్కన ఇముడుతాయి. మామూలు వెలుతురు తరంగదైర్ఘ్యం దీనికన్నా వంద రెట్లకు పైగా పెద్దది కనుక ఎంత గొప్ప సూక్ష్మదర్శినిలోనైనా వెలుతురుతో దీని పరమాణువులను వేరుచేసి చూడటం సాధ్యం కాదు. ఎక్స్‌రే తరంగాలు పరమాణువుల మధ్య దూరమంత చిన్నవి. అయితే ఒక్క అణువు నుంచి చెదరిన ఎక్స్‌రే కిరణాలు పట్టుకోలేనంత బలహీనం. అందుకని కోట్లాది అణువులు ఒకే తీరున బారులు తీరిన స్ఫటికం కావాలి. కవాతులో వేలమంది ఒక్కసారిగా అడుగు వేస్తే మోత వినిపించినట్టు, స్ఫటికంలోని అణువులన్నీ కలిసి చెదరగొట్టిన కిరణాలు చుక్కల వరుసలుగా నమోదవుతాయి. ఆ చుక్కల స్థానాల నుంచి, తీవ్రతల నుంచి గణితం ద్వారా ఎలక్ట్రాన్ల పటాన్ని గీసి, అందులో పరమాణువులను అమర్చుతారు. అలా అమర్చిన ప్రోటీన్ నమూనా భౌతికంగా సాధ్యమేనా కాదా అని సరిచూసే పటాన్ని 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు రూపొందించారు. నేటికీ ప్రపంచంలో ఎక్కడ ప్రోటీన్ నిర్మాణం వెలువడినా రామచంద్రన్ పటం పరీక్షకు నిలబడవలసిందే. మన పొరుగు రాష్ట్రంలోని ఇందౌర్‌లో, రాజా రామన్న ఉన్నత సాంకేతిక కేంద్రంలో ఉన్న ఇండస్-2 సింక్రోట్రాన్ వద్ద ప్రోటీన్ స్ఫటికాల కోసమే కేటాయించిన ఒక ఎక్స్‌రే మార్గం ఉంది.

స్ఫటికం కట్టని ప్రోటీన్

నీటిలో కరిగే ప్రోటీన్లను స్ఫటికాలుగా మార్చడం కష్టమైనా సాధ్యమే. ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం ఇన్సులిన్ నిర్మాణాన్ని 1969లోనే తేల్చింది. ఆ బృందంలో భారతీయుడు ఎం. విజయన్ కూడా ఉన్నారు. కాని ఇన్సులిన్ హార్మోను, అంటే వార్త తెచ్చే దూత. వార్తను అందుకునే ఈ గ్రాహకం ఇంటి గోడలోనే నాటుకుని ఉంటుంది. ఆ గోడ, అంటే కణత్వచం, కొవ్వుతో తయారైనది. గ్రాహకం నడుము భాగం కొవ్వును ఇష్టపడుతుంది, రెండు చివరలు నీటిని ఇష్టపడతాయి. కొవ్వు నుంచి బయటికి తీస్తే చితికిపోతుంది, కొవ్వులోనే ఉంచితే బారులు తీరదు. పైగా సహజంగా కణాలలో ఇది అతి స్వల్ప పరిమాణంలో ఉంటుంది. వీటన్నిటినీ మించిన ఇబ్బంది మరొకటి ఉంది. ఇది కదలకుండా ఉండదు. అయిదవ, ఆరవ సర్పిలాల నడుమ కణం లోపలి వైపున వేలాడే ఒక పొడవైన మెలిక గాలిలో తాడులా ఊగుతుంది. ఊగే వస్తువులు బారులు తీరవు.

రొడాప్సిన్ నిర్మాణం 2000లో తెలియడానికి కారణం అది రెటీనాలో సమృద్ధిగా దొరకడం, చీకట్లో నిశ్చలంగా ఉండటం. అడ్రినలిన్ గ్రాహకానికి ఆ రెండు సుగుణాలూ లేవు.

కోబిల్కా 1989లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి సొంత ప్రయోగశాల ప్రారంభించారు. మిన్నెసోటా రాష్ట్రంలోని లిటిల్ ఫాల్స్ అనే చిన్న పట్టణంలో రొట్టెలు కాల్చే కుటుంబంలో పుట్టిన మనిషి ఆయన. సంసారం గడవడానికి కొంతకాలం ఆసుపత్రి అత్యవసర విభాగంలో విధులు నిర్వహిస్తూనే పరిశోధన సాగించారు. భార్య టాంగ్ సన్ థియన్ ఆయనతో పాటే ప్రయోగశాలలో పనిచేశారు. గ్రాహకాన్ని పెద్ద మొత్తంలో తయారు చేయించడానికి ఒక కీటకపు కణాలను వాడారు. ఆ కీటకం మన రైతులకు బాగా తెలిసినదే. 2018లో భారతదేశంలో ప్రవేశించి తెలుగు రాష్ట్రాల మొక్కజొన్న చేలను పాడుచేసిన కత్తెర పురుగు అది. పొలంలో శత్రువైన పురుగు ప్రయోగశాలలో మానవ ప్రోటీన్‌ను తయారు చేసే కార్మికురాలైంది.

ఊగే మెలికను అదుపు చేయడానికి రెండు ఉపాయాలు పన్నారు. మొదటిది, ఆ మెలికను గట్టిగా పట్టుకునే ప్రతిరక్షక ముక్కను తయారు చేసి దానికి తగిలించడం. రెండవది మరింత సాహసమైనది. మెలికను జన్యువులోనే కత్తిరించి, దాని స్థానంలో బ్యాక్టీరియాను ఆశ్రయించే ఒక వైరస్‌కు చెందిన లైసోజైమ్ అనే బిగువైన చిన్న ప్రోటీన్‌ను అతికించడం. ఊగే తాడును తీసేసి ఇటుకను పేర్చినట్టు. ఇటుకలు ఒకదానికొకటి ఆనుకుని బారులు తీరతాయి, వాటితో పాటే గ్రాహకాలూ బారులు తీరతాయి. స్క్రిప్స్ పరిశోధన సంస్థకు చెందిన రేమండ్ స్టీవెన్స్ బృందం ఈ రెండవ మార్గంలో భాగస్వామి అయింది. పేస్టులా చిక్కగా ఉండే కృత్రిమ కొవ్వులో, అందులోనూ కొలెస్ట్రాల్ కలిపి, స్ఫటికాలను పెంచారు. అవి కంటికి ఆననంత చిన్నవి. వాటిపై ఎక్కుపెట్టడానికి అంతే సన్నని ఎక్స్‌రే పుంజాలు అమెరికాలోని ఆర్గాన్ వద్ద, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ వద్ద ఉన్న సింక్రోట్రాన్‌లలో లభించాయి.

2007 చివరలో ఫలితాలు సైన్స్, నేచర్ పత్రికలలో వెలువడ్డాయి. లైసోజైమ్ అతికించిన గ్రాహకం నిర్మాణం 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో కనిపించింది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్లవ వంతు. జన్యువు దొరికిన నాటి నుంచి ఇరవై ఒక్క సంవత్సరాలు గడిచాయి.

రెండు భంగిమలు

ఆ చిత్రంలో ఏడు సర్పిలాలు ఒక కట్టగా నిలిచి ఉన్నాయి. కణం వెలుపలి వైపు, కట్ట నడుమ చిన్న గుంట. అందులో కరాజొలాల్ అనే మందు అణువు. ఇది గ్రాహకాన్ని మూసి ఉంచే రకం మందు. దాని వల్ల గ్రాహకం కదలక నిలబడింది కనుకనే స్ఫటికం కట్టింది. అంటే 2007లో లోకం చూసింది మూసిన తలుపును.

తెరిచిన తలుపును చూడటానికి మరో నాలుగేళ్లు పట్టింది. తెరుచుకున్న స్థితిలో గ్రాహకం కణం లోపల జి-ప్రోటీన్ అనే సహచరుడిని పట్టుకుంటుంది. ఆ రెండింటినీ విడిపోకుండా పట్టి ఉంచడానికి ఈసారి లామా అనే ఒంటె జాతి జంతువు సహాయపడింది. బెల్జియం శాస్త్రవేత్త యాన్ స్టెయార్ట్ బృందం లామాల రక్తంలో తయారయ్యే అతి చిన్న ప్రతిరక్షకాలను అందించింది. 2011లో నేచర్ పత్రికలో వెలువడిన ఆ నిర్మాణంలో ఒక కదలిక స్పష్టంగా కనిపించింది. పైన గుంటలో మందు కూర్చున్నప్పుడు చుట్టూ జరిగిన మార్పు అతి స్వల్పం. కాని ఆ స్వల్ప మార్పే కిందికి పాకి, ఆరవ సర్పిలం అడుగు భాగం 14 ఆంగ్‌స్ట్రామ్‌లు బయటికి జరిగింది. తలుపు రెక్క బందు దగ్గర కొంచెం తిరిగితే కొస దగ్గర ఎంతో దూరం కదిలినట్టు. అలా ఏర్పడిన ఖాళీలోకి జి-ప్రోటీన్ తన చివరి భాగాన్ని చొప్పిస్తుంది. అక్కడి నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే అంతర్గత దూత పుట్టడం, కండరం సడలడం వరుసగా జరుగుతాయి. ఒక్క అణువు తలుపు తడితే లోపల వేలాది దూతలు బయలుదేరతాయి. పది వేల వంతు గ్రాము మందు ఊపిరి నిలపగలగడంలోని మర్మం ఇదే.

హైదరాబాదు చెప్పిన కొవ్వు సంగతి

స్ఫటికాలు కట్టిన కొవ్వులో కొలెస్ట్రాల్ కలిపారని పైన చెప్పుకున్నాం. కొలెస్ట్రాల్ పేరు వినగానే గుండెపోటు గుర్తుకు రావడం సహజం. కాని కణత్వచానికి అది అవసరమైన దినుసు. గ్రాహకాలకు కొలెస్ట్రాల్‌తో ఉన్న సంబంధంపై లోతుగా పనిచేసిన ప్రయోగశాలలలో ఒకటి మన హైదరాబాదులోనే ఉంది. సీసీఎంబీగా అందరికీ తెలిసిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో అమితాభ చట్టోపాధ్యాయ్ బృందం ఇదే వంశానికి చెందిన సెరటోనిన్-1ఏ గ్రాహకాన్ని చేపట్టింది. ఆవు మెదడులోని హిప్పోక్యాంపస్ భాగం నుంచి తీసిన కణత్వచాలలో కొలెస్ట్రాల్‌ను తొలగిస్తే గ్రాహకం తన అణువును సరిగ్గా పట్టుకోలేకపోయింది. తిరిగి చేర్చితే పట్టు మళ్లీ వచ్చింది. ఈ ఫలితాలు 2004లో ప్రచురితమయ్యాయి. అప్పటికి ఈ వంశంలో రొడాప్సిన్ తప్ప మరో గ్రాహకం ఆకారం ఎవరికీ తెలియదు.

2008లో స్టీవెన్స్ బృందం బీటా-2 గ్రాహకాన్ని మరో మందుతో కలిపి చూసినప్పుడు, సర్పిలాల నడుమ ఒక గాడిలో కొలెస్ట్రాల్ అణువులు అమరి కనిపించాయి. 2021లో చైనా శాస్త్రవేత్తలు మానవ సెరటోనిన్-1ఏ గ్రాహకం నిర్మాణాన్నే వెల్లడించారు. అందులోనూ కొలెస్ట్రాల్ అణువులు గ్రాహకాన్ని ఆనుకుని, మందు కూర్చునే గుంట రూపాన్ని సైతం ప్రభావితం చేస్తున్నట్టు తేలింది. చిత్రం లేని రోజుల్లో జీవరసాయన పరీక్షలతో హబ్సిగూడలో తేల్చిన సంగతి పదిహేడేళ్ల తరువాత చిత్రంలోనూ కనిపించింది. నోబెల్ వార్తల హోరులో ఇటువంటి పని మరుగున పడటం సాధారణమే గాని, న్యాయం కాదు.

2021 నాటి ఆ చిత్రానికి స్ఫటికం అవసరం కాలేదు. అణువులను ఒక్కసారిగా గడ్డకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసే క్రయో పద్ధతి ఇప్పుడు ముందుకు వచ్చింది. దానికి 2017లో నోబెల్ దక్కింది. వరుస నుంచి ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు 2024 నోబెల్‌లో భాగం దక్కింది. అయితే ఊహించిన ఆకారం సాధారణంగా ఒక భంగిమ. గ్రాహకం బతుకంతా భంగిమలు మార్చుకోవడంలోనే ఉంది కనుక ప్రయోగాల అవసరం తీరిపోలేదు.

మందు పెట్టె దగ్గరికి వస్తే

బీటా-1, బీటా-2 గ్రాహకాల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తెలిసిన సంగతి కొంత కలవరపెట్టేది. అడ్రినలిన్ కూర్చునే గుంట రెండింటిలోనూ దాదాపు ఒకటే. తేడాలు ఎక్కువగా గుంటకు చేరే ముఖద్వారం వద్ద ఉన్నాయి. కనుక గుండె గ్రాహకాన్ని మాత్రమే తాకి, ఊపిరితిత్తుల గ్రాహకాన్ని ఏమాత్రం తాకని మందు తయారు చేయడం కష్టం. గుండెకని ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు మోతాదు పెరిగేకొద్దీ శ్వాసనాళాల గ్రాహకాన్నీ మూయవచ్చు. ప్రొప్రనలాల్ వంటివి మొదటి నుంచీ రెండింటినీ మూస్తాయి. పార్శ్వపు నొప్పికి, చేతుల వణుకుకు, ఆందోళనకు కూడా ఈ మందు రాస్తారు. గ్లాకోమాకు వాడే టిమొలాల్ కంటి చుక్కలు సైతం ఈ కోవలోనివే. ఉబ్బసం ఉన్నవారు ఏ వైద్యుని వద్దకు వెళ్లినా, కంటి వైద్యుడైనా సరే, ఆ మాట ముందుగా చెప్పవలసి ఉంటుంది. ఇప్పటికే వాడుతున్న బీటా బ్లాకర్‌ను సొంతంగా ఒక్కసారిగా మానడమూ గుండెకు ప్రమాదమే; మార్పు వైద్యుని సలహాతోనే జరగాలి.

సాల్బుటమాల్ మాత్రలు 2 లేక 4 మిల్లీగ్రాములవి. ఒక పీల్పుతో పోలిస్తే ఇరవై నుంచి నలభై రెట్లు. ఆ మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. చేతి కండరాలలోని బీటా-2ను తాకి వణుకు పుట్టిస్తుంది, గుండె దడ కలిగిస్తుంది. ఇన్‌హేలర్ మందు మోతాదు తక్కువ, చేరేది అవసరమైన చోటికే. ‘పీల్చే మందు ఘాటైనది, అలవాటైపోతుంది’ అన్న భయం వాస్తవానికి తలకిందులు.

అయితే అలవాటన్న మాటలో ఒక నిజం వేరే రూపంలో దాగి ఉంది. తలుపు అదేపనిగా తడుతుంటే ఇంటివారు గడియ పెట్టుకుంటారు. మందు నిరంతరం తగులుతున్నప్పుడు కణంలోని ఎంజైములు గ్రాహకం తోకపై ఫాస్ఫేట్ గుర్తులు వేస్తాయి. ఆ గుర్తులను చూసి అరెస్టిన్ అనే మరో ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది. జి-ప్రోటీన్‌కు చోటు లేకుండా పోతుంది. కొన్ని గ్రాహకాలను కణం లోపలికి లాగేసుకుంటుంది. గ్రాహకంపై అరెస్టిన్ ఎలా కూర్చుంటుందో తొలిసారి చూపిన చిత్రం 2014లో నేచర్‌లో వెలువడింది. ఆ పత్రానికి ప్రథమ రచయిత, లెఫ్కోవిట్జ్ ప్రయోగశాలలో పనిచేసి కాన్పూర్ ఐఐటీకి వచ్చిన అరుణ్ శుక్లా. ఇక్కడా గ్రాహకం తోకను మార్చి, ప్రతిరక్షక ముక్కతో బిగించి చూడవలసి వచ్చింది.

నీలి ఇన్‌హేలర్ శ్వాసనాళపు కండరాన్ని సడలిస్తుంది గాని, లోపలి వాపును తగ్గించదు. వాపును తగ్గించేది పీల్చే స్టీరాయిడ్ మందు. కణాలు కొత్త బీటా-2 గ్రాహకాలను తయారు చేసుకునేలా కూడా స్టీరాయిడ్ ప్రోత్సహిస్తుంది. అంటే గడియపడిన తలుపుల స్థానంలో కొత్త తలుపులు. ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలను రూపొందించే జినా సంస్థ, పెద్దవారిలోనూ కౌమార వయస్కులలోనూ సాల్బుటమాల్ వంటి ఉపశమన మందు ఒక్కదానితోనే చికిత్స చేయరాదని 2019 నుంచి చెబుతున్నది. పీల్చే స్టీరాయిడ్ తప్పక తోడు ఉండాలన్నది దాని సూచన. ఆయాసం ముంచుకొచ్చిన క్షణంలో చేతిలో ఉన్న నీలి ఇన్‌హేలర్‌ను వాడటానికి సంకోచించనవసరం లేదు. వాడినా ఊపిరి కుదుటపడకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సందేహించవలసింది అది రోజువారీ తోడుగా మారినప్పుడు.

ఎంత వాడితే ఎక్కువ అన్నదానికి ఇంట్లోనే చూసుకోదగిన లెక్క ఒకటి ఉంది. 200 పీల్పుల డబ్బాలు ఏడాదికి మూడు, అంతకు మించి ఖాళీ అవుతుంటే ఉబ్బసం తీవ్రంగా తిరగబెట్టే ముప్పు పెరిగినట్టు మార్గదర్శకాలు పరిగణిస్తాయి. మూడు డబ్బాలంటే సగటున రోజుకు ఒకటిన్నర పీల్పు దాటడమే. నెలకు ఒక డబ్బా, అంటే ఏడాదికి పన్నెండు ఖాళీ అయ్యే స్థితిలో మరణ ప్రమాదం సైతం పెరుగుతుంది. కొత్త డబ్బా తెరిచిన రోజున దాని అడుగున తేదీ రాసిపెట్టుకుని, తరువాతిసారి వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఖాళీ డబ్బాలను కూడా వెంట తీసుకువెళ్తే, మందు మార్చాలో, పీల్చే పద్ధతి సరిదిద్దాలో ఆయన అక్కడే నిర్ణయించగలుగుతారు.